మెడికల్ కౌన్సిల్ ఫిర్యాదుల సెక్షన్‌లో ఆరేళ్లు

మెడికల్ కౌన్సిల్‌లో పనిచేశానంటే అందరూ ఒకటే అడుగుతారు, డాక్టర్లకు రిజిస్ట్రేషన్ నంబర్లు ఇచ్చేది అక్కడేగా అని. అవును, ఆ పని ముందు హాల్లో జరుగుతుంది. ఎంబీబీఎస్ అయిన పిల్లలు అమ్మానాన్నలతో వస్తారు, సర్టిఫికెట్ చేతికి రాగానే మెట్ల మీద నిలబడి ఫోటోలు దిగుతారు. నా సీటు ఆ హాలు దాటి లోపలికి వెళ్తే వచ్చే చిన్న గదిలో ఉండేది. మూడు టేబుళ్లు, రెండు బీరువాలు. డాక్టర్ల మీద వచ్చే ఫిర్యాదులన్నీ ఆ గదికే వస్తాయి. 2018 నుంచి 2024 దాకా అక్కడ ఆఫీసు అసిస్టెంటుగా చేశాను. ఏ రాష్ట్రం కౌన్సిలో చెప్పను. మనుషుల వివరాలు, జబ్బుల వివరాలు గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను. పని మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఫిర్యాదు ఇచ్చినవాళ్లకీ, నోటీసు అందుకున్న డాక్టర్లకీ ఆ గదిలో ఏం జరుగుతుందో తెలియక పడే బాధ ఆరేళ్లూ చూశాను కాబట్టి.

నాది బీకాం. అంతకుముందు ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో రెండేళ్లు చేశాను. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ నన్ను కౌన్సిల్‌కి పంపింది. సూపరింటెండెంట్ మేడమ్ సర్టిఫికెట్లు పక్కన పెట్టి, ఆ రోజు తపాలులో వచ్చిన చేతిరాత ఉత్తరం ఒకటి చేతికిచ్చారు. "ఎవరు, ఎవరి మీద, ఎప్పుడు, ఎక్కడ. నాలుగు ముక్కల్లో రాసివ్వమ్మా" అన్నారు. నేను "డాక్టరు నిర్లక్ష్యం వల్ల ఫిర్యాదుదారు తల్లి మరణించింది" అని మొదలుపెట్టాను. ఆవిడ ఆ వాక్యం కొట్టేసి పైన రాశారు: "తల్లి మరణించింది. డాక్టరు నిర్లక్ష్యమే కారణమని ఫిర్యాదు."

"నిర్లక్ష్యమో కాదో తేల్చేది నువ్వూ నేనూ కాదు. మనం రాసిన మాటే తేల్చేసినట్టు ఉండకూడదు" అన్నారు. మర్నాటి నుంచి రమ్మన్నారు.

పొద్దున్నే అటెండర్ అన్న తపాలు కట్ట తెచ్చి టేబుల్ మీద పెట్టేవాడు. కవరు విప్పడానికి కూడా ఒక పద్ధతి ఉంది. పోస్టాఫీసు ముద్ర చెడకుండా పక్కనుంచి కత్తిరించాలి, ఖాళీ కవరును ఉత్తరంతోనే పిన్ను చేయాలి. ఎప్పుడు పంపారు, ఎప్పుడు అందింది అన్న గొడవ వస్తే ఆ ముద్రే సాక్ష్యం. ఆ తర్వాత ఇన్‌వార్డ్ స్టాంపు, నంబరు, తేదీ, పొట్టి సంతకం. తర్వాత పర్సనల్ రిజిస్టర్లో ఎక్కించాలి, మేం పీఆర్ అనేవాళ్లం. నోట్ ఫైలు ఒకటి, కరెంట్ ఫైలు ఒకటి, మధ్యలో ట్యాగు. వచ్చిన కాగితాలన్నీ కరెంట్ ఫైల్లో, వాటి మీద మేం రాసేదంతా నోట్ ఫైల్లో ఉండాలి. పెన్సిల్‌తో ప్రతి కాగితానికీ కుడివైపు పైమూల పేజీ నంబరు వేయాలి, తెల్లకాగితం వచ్చినా సరే.

2002 నాటి వైద్యుల వృత్తి ప్రవర్తనా నియమాల ప్రకారం ఫిర్యాదు మీద నిర్ణయం ఆరు నెలల్లోపు తీసుకోవాలి. అందుకని ఇన్‌వార్డ్ తేదీ పక్కనే ఆరు నెలల తర్వాతి తేదీని ఎర్ర ఇంకుతో రాయించేవారు మేడమ్. ఆ తేదీ దాటిపోయిన ఫైళ్లు మా బీరువాలో చాలానే ఉండేవి. ఒకదానికి ఆసుపత్రి నుంచి కేస్ షీటు రాలేదు, ఇంకోదానికి నిపుణుడి అభిప్రాయం రాలేదు, మరోదాంట్లో డాక్టరు వాయిదా అడిగారు, చాలావాటికి విచారణ జరిపే డాక్టర్ల కమిటీయే కూర్చోలేదు. ఆ కారణాలన్నీ నాకు తెలుసు. ఫోన్లో అవతలి మనిషికి తెలియవు. "ప్రాసెస్‌లో ఉందండీ" అని పెట్టేయడం తేలిక, మొదటి ఏడాదంతా నేనూ అదే చేశాను. ఒకసారి ఒకామె, "అమ్మా, ప్రాసెస్ అంటే ఏంటి? మా ఆయన కాగితం మీ దగ్గర ఏ టేబుల్ మీద ఉంది?" అని అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర ఉంది, నేనే చెప్పట్లేదు. ఆ రోజు నుంచి పీఆర్ ముందు పెట్టుకుని, ఏ కాగితం కోసం ఆగింది, అది ఏ తేదీన అడిగాం, మళ్లీ ఎప్పుడు గుర్తుచేస్తాం అన్నది చెప్పడం మొదలుపెట్టాను. ఇవి రహస్యాలేమీ కావు, చెప్పొచ్చని మేడమ్ దగ్గర ముందే అనుమతి తీసుకున్నాను.

చాలా ఫిర్యాదులు తెలుగులో, చేత్తో రాసినవే వస్తాయి. కమిటీకి పెట్టే నోటు ఇంగ్లీషులో ఉండాలి. "సూది వెయ్యగానే మనిషి చల్లబడిపోయింది" అని ఒకాయన రాశారు. నేను ఇంగ్లీషులో చనిపోయిందని రాసి పైకి పంపాను. ఫైలు వెనక్కొచ్చింది. కేస్ షీటు ప్రకారం ఆమె పోయింది ఇంజెక్షన్ తర్వాత నాలుగు గంటలకు. చల్లబడడమంటే ఒళ్లు చల్లబడి చెమటలు పోయడమా, ప్రాణం పోవడమా? మన మాటల్లో రెండూ అవుతాయి. ఆయనకు ఫోన్ చేస్తే ఒళ్లు చల్లబడి మాట పడిపోయిందనీ, ప్రాణం తర్వాత పోయిందనీ చెప్పారు. ఆ మాటను తేదీ, టైము వేసి ఫోన్ నోటుగా ఫైల్లో పెట్టాం. నా అనువాదం అలాగే పోయుంటే కేస్ షీటు పక్కన పెట్టుకుని చదివినవాళ్లకి ఆయన అబద్ధం చెప్తున్నట్టు కనపడేది. ఆ మనిషి రాసింది అక్షరాలా నిజం, అబద్ధమయ్యేది నా వల్ల. తర్వాత అలాంటి మాట ఏదొచ్చినా తెలుగు మాటను తెలుగులోనే నోటులో ఉంచి పక్కన భావం రాశాను. కమిటీలో ఉన్నవాళ్లు తెలుగువాళ్లే, చదువుకోగలరు.

ఇంకో మాట కూడా నన్ను ఇబ్బంది పెట్టింది, ఆర్‌ఎంపీ. చట్టం పుస్తకాల్లో ఆర్‌ఎంపీ అంటే రిజిస్టరైన డాక్టరు. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ అంటే డిగ్రీ లేకుండా సూదీ మందూ ఇచ్చే ఆయన. "మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు మీద చర్య తీసుకోండి" అని వచ్చిన ఉత్తరం పట్టుకుని డాక్టర్ల రిజిస్టరంతా వెతికి, పేరు దొరకలేదని పక్కన పెట్టాను. దొరకకపోవడమే అక్కడ అసలు విషయం. రిజిస్టర్లో లేని మనిషి పేరును రిజిస్టర్లోంచి తీసేయలేం, ఆ ఫైలు పోలీసుల దారి పట్టాలి. నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 2019 ప్రకారం అది ఏడాది దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా లేదా రెండూ పడే నేరం.

డబ్బు వాపసు ఇప్పించమని వచ్చే ఉత్తరాలు కూడా ఎక్కువే. ఒక్క రూపాయి ఇప్పించే అధికారం కౌన్సిల్‌కి లేదు. నష్టపరిహారానికి వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి, 1995లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వచ్చింది. ఆసుపత్రి సౌకర్యాల మీద, లైసెన్సు మీద అయితే జిల్లా వైద్యాధికారి ఆఫీసు ఉంది. కౌన్సిల్ చేతిలో ఉన్నది డాక్టరు పేరున్న రిజిస్టరు ఒక్కటే. హెచ్చరించొచ్చు, కొంతకాలం పేరు తీసేయొచ్చు, ఎప్పటికీ తీసేయొచ్చు. పేరు లేనన్నాళ్లూ ఆ డాక్టరు వైద్యం చేయకూడదు. ఈ సంగతి ఏడాది తర్వాత విచారణ రోజున తెలిసిన కుటుంబాలను చూశాను. మొదటి రోజే చెప్తే వాళ్లు రెండు చోట్లా వేసుకునేవాళ్లు. అందుకని అందినట్టు పంపే రసీదు ఉత్తరంలోనే ఆ రెండు వాక్యాలు తెలుగులో చేర్చాలని అడిగాను. రిజిస్ట్రార్ గారు ఒప్పుకోవడానికి నాలుగు నెలలు పట్టింది, కానీ ఒప్పుకున్నారు.

ఇక నా వల్ల జరిగిన తప్పు.

2019లో ఒక జిల్లా కేంద్రం నుంచి గర్భసంచి ఆపరేషన్ మీద ఫిర్యాదు వచ్చింది. డాక్టరు పేరు, ఇంటిపేరు పొడి అక్షరం మాత్రమే రాశారు. రిజిస్టర్లో వెతికితే అదే పొడి అక్షరం, అదే పేరుతో ముగ్గురు వచ్చారు. అందులో ఒకరి చిరునామా అదే జిల్లా. ఆయనేనని అనుకున్నాను. నోటీసు తయారుచేసి, సంతకం చేయించి, రిజిస్టర్డ్ పోస్టులో పంపించాను. పదకొండో రోజు ఫోన్ వచ్చింది. గొంతులో కోపం లేదు. "అమ్మా, నేను కంటి డాక్టర్ని. రిటైరై నాలుగేళ్లయింది. గర్భసంచి ఆపరేషన్ గురించి నాకు నోటీసు పంపారు. నేను ఊళ్లో లేను, మా ఆవిడ కవరు విప్పి చదివింది. రెండు రోజుల నుంచి ఆమె అన్నం ముట్టలేదు" అన్నారు.

కాళ్లు వణికాయి. ఫైలు తీసి చూశాను. ఫిర్యాదుతో జతచేసిన మందుల చీటీ జిరాక్సు ఉంది, ఏడో పేజీ. దాని కింది మూలలో, సగం చెరిగిపోయిన రబ్బరు స్టాంపులో, రిజిస్ట్రేషన్ నంబరు ఉంది. డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లో, మందుల చీటీ మీద, సర్టిఫికెట్ల మీద, డబ్బు రసీదు మీద కనపడేలా వేయాలని 2002 నియమాల్లోనే ఉంది. ఆ డాక్టరు నియమం పాటించారు. నేను చూడలేదు. కాగితాన్ని కిటికీ వైపు పెట్టి చూస్తే అంకెలన్నీ కనిపిస్తున్నాయి.

మేడమ్ దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు, ఫైలు చేత్తో పట్టుకుని "పద" అని రిజిస్ట్రార్ గారి గదికి తీసుకెళ్లారు. ఏం జరిగిందో నన్నే చెప్పమన్నారు. అదే రోజు సాయంత్రానికి నోటీసు ఉపసంహరించుకున్నట్టు, క్షమాపణతో ఉత్తరం సిద్ధమైంది. పోస్టులో వేయకుండా అటెండర్ అన్నను బస్సెక్కించి ఆయన ఇంటికే పంపారు. అసలు డాక్టరుకి వెళ్లాల్సిన నోటీసు అయిదు వారాలు ఆలస్యమైంది. ఫిర్యాదు చేసిన కుటుంబానికి ఆలస్యం ఎందుకైందో నేనే ఫోన్ చేసి చెప్పాను. అది ఆ ఉద్యోగంలో నేను చేసిన అన్నిటికంటే కష్టమైన ఫోను. ఆ తర్వాత మా సెక్షన్లో రిజిస్ట్రేషన్ నంబరు, తండ్రి పేరు, స్పెషాలిటీ మూడూ సరిపోతే తప్ప నోటీసు టైపు చేయకూడదన్న నియమం పెట్టుకున్నాం. ఏ ఒక్కటి కలవకపోయినా ముందు ఫిర్యాదుదారుకి ఉత్తరం రాసి అడగాలి.

సరైన మనిషికే పంపినా నోటీసు అందుతుందన్న నమ్మకం లేదు. రిజిస్టర్లోని చిరునామాలు చాలావరకు ఆ డాక్టర్లు చదువు అయిపోయిన రోజున ఇచ్చినవి. కాలేజీ హాస్టలు, తండ్రి పనిచేసిన క్వార్టర్లు, ఇప్పుడు అపార్టుమెంటు లేచిన స్థలం. "అడ్రసీ లెఫ్ట్", "డోర్ లాక్డ్", "రిఫ్యూజ్డ్" అని పోస్ట్‌మన్ రాతతో కవర్లు తిరిగొచ్చేవి. ఈ మూడింటికీ చాలా తేడా ఉంది. తీసుకోనని తిప్పి పంపితే అందినట్టే లెక్క కట్టొచ్చు, చిరునామా సరిగ్గా రాసి, స్టాంపులు సరిపడా వేసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపిన దానికి చట్టం ఆ దన్ను ఇస్తుంది. ఇల్లు మారి వెళ్లిపోయిన మనిషికి అందినట్టు ఎలా అనుకుంటాం? అందుకే తిరిగొచ్చిన కవరును విప్పకుండా అలాగే ఫైల్లో పెట్టేదాన్ని. అక్నాలెడ్జిమెంట్ కార్డు మీద సంతకం ఎవరిదో, ఏ తేదీనో నోటులో ఎక్కించేదాన్ని. డాక్టరు తర్వాత కోర్టుకెళ్లి నాకు నోటీసే రాలేదంటే, మొత్తం విచారణ నిలబడేది ఆ అట్టముక్క మీదే.

డాక్టర్ల వైపు సంగతి కూడా చెప్పాలి. నోటీసు పట్టుకుని ఒక కుర్ర డాక్టరు నాన్నగారితో వచ్చాడు. డ్యూటీలో ఉండి డిస్చార్జ్ సమ్మరీ మీద సంతకం పెట్టాడు, అంతవరకే తన పాత్ర అంటాడు. "మేడమ్, జవాబు ఎలా రాయాలో చెప్పండి" అని అడిగాడు. వాళ్ల నాన్న చేతులు జోడించారు. నేను చెప్పకూడదు. చెప్తే రెండో వైపు అన్యాయం చేసినట్టే. కాని చెప్పగలిగినవి ఉన్నాయి: గడువు చాలకపోతే ఉత్తరం రాసి అడగొచ్చు, ఫిర్యాదు కాపీలు అన్నీ తీసుకోవచ్చు, విచారణకి స్వయంగా రావచ్చు, లాయరును పెట్టుకోవచ్చు. అవి చెప్పి మంచినీళ్లిచ్చాను. ఆ మధ్యాహ్నమే ఒక పేజీ తెలుగులో టైపు చేశాను. విచారణ రోజు ఏ గదిలో కూర్చోవాలి, ఎవరు ముందు మాట్లాడతారు, ఏ కాగితాలు తేవాలి, భోజనం టైము ఎప్పుడు. అనుమతి వచ్చాక రెండు వైపులా అదే పేజీ పంపాం, ఒక్క అక్షరం తేడా లేకుండా.

బిల్లింగ్ కౌంటర్లో నేను పనిచేసిన ఆసుపత్రి మీద కూడా ఒకసారి ఫిర్యాదు వచ్చింది. కవరు విప్పగానే మేడమ్‌కి చెప్పాను, ఆ ఫైలు పక్క టేబుల్‌కి మారింది. తర్వాత అదేమైందో నేను అడగలేదు.

విచారణ రోజుల గురించి ఒక బాధ ఇప్పటికీ ఉంది. కమిటీ సభ్యులు సరిపడా రాక వాయిదా పడేది. రాత్రి బస్సెక్కి, పొద్దున్నే వచ్చి వరండాలో కూర్చున్న మనుషులకి పదకొండింటికి "ఇవాళ లేదండీ" అని చెప్పాల్సింది నేను. ఒకామె పసిపిల్లను ఒళ్లో పెట్టుకుని, పోయిన భర్త ఎక్స్‌రేలు ప్లాస్టిక్ సంచిలో తెచ్చుకుంది. కూలి పని మానుకుని వచ్చింది. వాయిదా అనగానే ఏమీ అనలేదు, ఎక్స్‌రేలు మళ్లీ సంచిలో సర్దుకుంది. తర్వాతి నుంచి రెండు రోజుల ముందే సభ్యులందరికీ ఫోన్ చేసి, రారని తెలిస్తే ఇరువైపులవాళ్లకీ అదే రోజు చెప్పేదాన్ని. ఇది నా పనుల జాబితాలో లేదు, ఉండాల్సింది. "కమిటీలో అందరూ డాక్టర్లేగా, డాక్టరు మీద డాక్టరు ఏం చెప్తాడు" అని చాలామంది అడిగేవాళ్లు. ఆ అనుమానం న్యాయమైనదే. నేను చూసినంతలో, లోపల ఆ డాక్టర్లే లాయర్లకు తట్టని ప్రశ్నలు వేసేవాళ్లు. బీపీ ఎన్ని గంటలకి పడిపోయింది, రక్తం ఎప్పుడు అడిగారు, ఎప్పుడొచ్చింది అని నిమిషాలతో సహా అడిగేవాళ్లు. ఆ ప్రశ్నలు పుట్టేది కేస్ షీటులోంచి. కేస్ షీటు సరిగ్గా ఫైల్లో లేకపోతే ఆ ప్రశ్న అసలు పుట్టదు.

2021లో వచ్చిన ఒక ఫైలు ఉంది. కాన్పు తర్వాత కూతురు పోయిన ఒక తండ్రి ఫిర్యాదు. రోగి వాళ్లు అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని నియమం. ఆయన అడిగి అడిగి, ఇవ్వకపోతే మాకు రాశారు. కౌన్సిల్ ఉత్తరం వెళ్లాక ఆసుపత్రి అటెస్ట్ చేసిన జిరాక్సులు పంపింది. నేను మామూలుగానే పెన్సిల్‌తో పేజీ నంబర్లు వేస్తున్నాను. నర్సింగ్ చార్టు కాగితాలకి అడుగున అచ్చువేసిన నంబర్లు కూడా ఉన్నాయి. నా పెన్సిల్ నంబర్లు వరసగా పోతున్నాయి, కింద అచ్చు నంబర్లు 12, 13, 16, 17. మళ్లీ వెనక్కి తిప్పాను. కాగితాలు అంటుకున్నాయేమోనని వేలు తడిపి చూశాను. లేవు. 13లో ఆఖరి రాత రాత్రి 11.40కి. 16లో మొదటి రాత తెల్లవారుజామున 3.15కి. ఆ అమ్మాయి పోయింది 3.50కి.

ఫైలు పట్టుకుని పరుగున వెళ్లాను. "మేడమ్, రెండు పేజీలు చింపేశారు."

"చింపడం నువ్వు చూశావా?"

లేదన్నాను.

"చూసింది రాయి."

వచ్చి కూర్చున్నాను. చేతులు వణుకుతుంటే మూడు వాక్యాలు రాశాను. అందిన కాపీలో అచ్చు నంబరు 14, 15 పేజీలు లేవు. 13వ పేజీలో చివరి నమోదు రాత్రి 11.40. 16వ పేజీలో మొదటి నమోదు తెల్లవారుజామున 3.15. అంతే. మేడమ్ చదివి, ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టి పైకి పంపారు. ఒరిజినల్ తెమ్మని ఆసుపత్రికి ఉత్తరం వెళ్లింది.

ఆ రోజు నాకు ఆవిడ మీద కొంచెం కోపం కూడా వచ్చింది. మరుసటి ఏడాది ఇంకో ఫైల్లో అచ్చం ఇలాగే రెండు పేజీలు కనపడలేదు. అప్పుడూ అదే రాశాను. ఒరిజినల్ తెప్పిస్తే ఆ పేజీలు అందులో శుభ్రంగా ఉన్నాయి, జిరాక్సు మెషీన్లో రెండు కాగితాలు కలిసిపోయాయి. ఆ డాక్టరు రాత్రంతా రోగి పక్కనే ఉన్నట్టు ఆ పేజీల్లోనే తేలింది. మొదటి ఫైల్లో "చింపేశారు" అని రాసి ఉంటే, అదే చేత్తో ఇందులోనూ రాసి ఉండేదాన్ని.

2023 ఆగస్టులో మాకు ఒక వింత నెల నడిచింది. నేషనల్ మెడికల్ కమిషన్ ఆగస్టు 2న కొత్త వృత్తి ప్రవర్తనా నియమాలు ప్రకటించింది. ప్రింట్లు తీసి, బైండు చేసి, నోటీసుల నమూనాల్లో పాత నియమాల నంబర్లు తీసి కొత్తవి వేశాను. 23న వాటిని నిలిపేశారు, 2002 నియమాలే మళ్లీ అమల్లోకి వచ్చాయి. ఆ మూడు వారాల్లో టైపైన ప్రతి కాగితాన్నీ మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది.

నా చేతిలో లేనిదీ, నాకు ఇప్పటికీ మింగుడుపడనిదీ అప్పీలు. 2002 నియమాల్లో, రాష్ట్ర కౌన్సిల్ నిర్ణయం నచ్చని వాళ్లెవరైనా 60 రోజుల్లో పైకి వెళ్లొచ్చని ఉంది. 2019 చట్టం 30వ సెక్షన్‌లో మాత్రం అప్పీలు హక్కు వైద్యులకని రాసి ఉంది, రోగి మాట లేదు. ఫిర్యాదు కొట్టేసిన ఆర్డరు చేతికిచ్చినప్పుడు ఒక పెద్దాయన "డాక్టరైతే ఢిల్లీ దాకా వెళ్లొచ్చు, మాకు లేదా అమ్మా?" అని అడిగారు. చట్టంలో ఏముందో చదివి వినిపించాను. హైకోర్టు దారి ఉంటుంది, లాయరుని కనుక్కోండని చెప్పాను. ఆ జవాబు చాలదని నాకు తెలుసు. ఒకే ఆర్డరు ఇద్దరి మీదా పడినప్పుడు ఒకరికే తలుపు తెరిచి పెట్టడం అన్యాయం. ఆ ఆఫీసులో కూర్చున్నన్నాళ్లూ పైకి అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

కాన్పు ఫైలు ఆర్డరు రావడానికి ఏడాదిన్నర పట్టింది. విచారణకి ఆసుపత్రివాళ్లు ఒరిజినల్ తెచ్చారు, అందులోనూ 14, 15 లేవు. ఎందుకు లేవన్నది ఎవరూ చెప్పలేకపోయారు. డాక్టరు పేరు మూడు నెలలు రిజిస్టర్ నుంచి తొలగించారు. సర్టిఫైడ్ కాపీ తీసుకోవడానికి ఆ తండ్రి ఒక్కరే వచ్చారు. పంచె, భుజం మీద తువ్వాలు, చేతిలో అదే పాత ఫైలు. సంతకం పెట్టి కాపీ తీసుకుని, తిప్పి తిప్పి చూసి, "నాకు ఇంగ్లీషు రాదు తల్లీ, ఒకసారి చదువు" అన్నారు.

పన్నెండు పేజీలు. కుర్చీ దగ్గరికి లాక్కుని ఒక్కో పేరా చదివి తెలుగులో చెప్పాను. మధ్యలో ఆపి, "మూడు నెలలేనా?" అన్నారు. అవునన్నాను. కాసేపు గోడకేసి చూశారు. తర్వాత, "ఆ రెండు కాగితాల సంగతి రాశారా?" అని అడిగారు.

తొమ్మిదో పేజీలో ఉంది. నా మూడు వాక్యాలూ దాదాపు అలాగే ఉన్నాయి, ఆ మూడున్నర గంటలు రోగిని ఎవరు చూశారో చెప్పే రికార్డు లేదనీ, రికార్డు భద్రంగా ఉంచాల్సిన బాధ్యత డాక్టరుదేననీ కమిటీ వాటి కింద రాసింది. చదివి వినిపించాను. ఏ వరసో చూపించమన్నారు. సర్టిఫైడ్ కాపీ మీద గీత గీయకూడదు. ఆ ఒక్క పేజీ జిరాక్సు తీసి, స్కేలు పెట్టి పెన్సిల్‌తో ఆ వరసల కింద గీత గీసి ఇచ్చాను. ఆయన ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టలేదు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, మూడింటి బస్సు అందుతుందా అని అడిగారు. టైము చూసి, అందుతుందని చెప్పాను.